పాత కంప్యూటర్‌కి కొత్త విండోస్: పర్లాకిమిడి వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి ఒడిశాలోని పర్లాకిమిడిలో, కాశీనగర్‌లో, గుణుపూర్‌లో, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నంలో, తెలిసినవాళ్లు ఎక్కడ కలిసినా ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాశాను.

మా వైపు ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు చాలావరకు పిల్లల చదువు కోసం కొన్నవి. పిల్లలు విశాఖకో బెంగళూరుకో వెళ్లిపోయారు. కంప్యూటర్ మాత్రం హాల్లో ఓ మూల, అల్లిక గుడ్డ కప్పుకుని ఉంది. అందులో పదేళ్ల ఫొటోలున్నాయి, భూమి పట్టాల స్కాన్‌లున్నాయి. మెషిన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, అవి మళ్లీ రావు. అందుకే బ్యాకప్ గురించి కాస్త ఎక్కువ రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## మార్చాలా, వద్దా

మా కంప్యూటర్ శుభ్రంగా పనిచేస్తోంది. విండోస్ 10 అలాగే ఉంచేస్తే ఏమవుతుంది?

వెంటనే ఏమీ కాదు. ఆన్ అవుతుంది, పాటలు వినిపిస్తుంది, ప్రింట్ ఇస్తుంది. ఆగిపోయినవి విండోస్‌లో కొత్తగా బయటపడే లోపాలకి నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. కంప్యూటర్లోకి చొరబడాలని చూసేవాళ్లు వెతికేది అలా పూడ్చకుండా వదిలేసిన లోపాల కోసమే. నెట్ కనెక్షన్ లేకుండా ఉత్తరాలు టైప్ చేసుకోవడానికి మాత్రమే వాడితే పెద్ద టెన్షన్ పడక్కర్లేదు. బ్యాంకు ఖాతా అందులోనే తెరుస్తుంటే, ఆధార్, పాన్ కాపీలు అందులోనే ఉంటే మాత్రం ఊరుకోవద్దు.

ఇంకొన్నాళ్లు అప్‌డేట్లు ఇస్తారని విన్నాం. నిజమేనా?

నిజమే. ఇళ్లలో వాడేవాళ్లకి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ పేరుతో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. మీ విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే, చేరమని అడిగే లింక్ కనిపిస్తుంది. విండోస్ బ్యాకప్‌తో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. దీనివల్ల సెక్యూరిటీ అప్‌డేట్లు తప్ప కొత్త సదుపాయాలేవీ రావు. మెషిన్‌ని ఏం చేయాలో తీరిగ్గా ఆలోచించుకోవడానికి దొరికిన గడువు అనుకోండి.

మాది ఇంకా విండోస్ 7. మరీ ఆలస్యమైపోయిందా?

ఆలస్యమైన మాట నిజమే గానీ దారి మూసుకుపోలేదు. విండోస్ 7కి అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. క్రోమ్ కూడా దాని మీద 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. అందుకే కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతుంటాయి. పిల్లల ప్లస్ టూ అడ్మిషన్‌కి ఒడిశా ప్రభుత్వ సైట్ సామ్స్‌లో ఫారం నింపుతుంటే బటన్ పనిచేయడం లేదంటూ ఓ పిన్ని కంప్యూటర్ తెచ్చారు. చూస్తే బ్రౌజర్ పాతది, తప్పు సైట్‌ది కాదు. విండోస్ 7 నుంచి 11కి ప్రోగ్రాములన్నీ అలాగే ఉంచుకుని నేరుగా వెళ్లలేరు. ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయాల్సిందే. అంత పాత మెషిన్లకి విండోస్ 11 చాలావరకు కుదరదు కూడా. వాటికి నా సలహా, విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్.

షాపుకి తీసుకెళితే కొత్తది కొనేయమంటున్నారు. కొనాల్సిందేనా?

మీరు చేసే పని బ్రౌజర్, ఉత్తరాలు, ఫొటోలు, యూట్యూబ్ వరకే అయితే కొనక్కర్లేదు. 2012, 2013లో కొన్న ఐ3 మెషిన్లు కూడా, హార్డ్‌డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేస్తే ఆ పనులకి హాయిగా సరిపోతాయి. మదర్‌బోర్డు పోయినా, ల్యాప్‌టాప్ హింజ్ విరిగి స్క్రీన్ నిలబడకపోయినా, బ్యాటరీ ఉబ్బినా అప్పుడు డబ్బు దాని మీద పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదం. ఆ ల్యాప్‌టాప్‌ని ఛార్జింగ్‌కి పెట్టడం వెంటనే మానేయండి.

## మా మెషిన్‌కి సరిపోతుందా

విండోస్ 11కి ఏమేం ఉండాలి?

మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఉన్న 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేరే నడిచేలా చూసేది) చేయగల యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ని ఆన్ చేసే కొత్త పద్ధతి), టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే సెక్యూరిటీ భాగం). కాగితం మీద 4 జీబీ ర్యామ్ చాలంటారు. నా అనుభవంలో 8 లేకపోతే రెండు ట్యాబ్‌లు తెరిచేసరికి మనిషికి విసుగొస్తుంది. ఇవన్నీ విడివిడిగా చూసుకునే ఓపిక లేకపోతే మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే చిన్న యాప్ వేసుకోండి. మీ మెషిన్ పాసో ఫెయిలో, ఫెయిలైతే ఎందువల్లో అదే చెబుతుంది.

ప్రాసెసర్ ఎన్నో జనరేషన్‌దో ఎలా తెలుసుకోవాలి?

సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ తెరవండి. ప్రాసెసర్ పేరు పక్కన ఐ3-2120, ఐ5-8400 లాంటి నంబర్ ఉంటుంది. గీత తర్వాత నాలుగంకెలుంటే సాధారణంగా మొదటి అంకే జనరేషన్. 2120 అంటే రెండోది, 8400 అంటే ఎనిమిదోది. 10400 లాగా ఐదంకెలున్నా, 1135 లాగా నాలుగంకెలుండి 1తో మొదలైనా మొదటి రెండూ కలిపి చదవాలి, అంటే పదోది, పదకొండోది. ఇంటెల్‌లో విండోస్ 11కి సాధారణంగా ఎనిమిదో జనరేషన్ నుంచి అనుమతి ఉంది. ఏఎండీ రైజెన్‌లో 2000 సిరీస్ నుంచి చాలావాటికి ఉంది, అన్నింటికీ లేదు. మోటుగా ఒక లెక్క చెప్పమంటే, 2018కి ముందు కొన్నదైతే ఎక్కువగా కుదరదు.

టీపీఎం లేదని వస్తోంది. అదేమైనా చిప్పా? కొని పెట్టించుకోవాలా?

ముందే కొనకండి. చాలా మెషిన్లలో అది ప్రాసెసర్‌లోనే ఉంటుంది, బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషిన్ సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయాస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ మెషిన్లలో పీటీటీ పేరుతో, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి సేవ్ చేయండి. తిరిగి వచ్చాక విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ తెరిస్తే సెక్యూరిటీ ప్రాసెసర్ వివరాల్లో వెర్షన్ 2.0 అని ఉండాలి. బయాస్‌లో మిగతావేవీ కదపకండి. మార్చే ముందు ఆ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే, పొరపాటు జరిగినా పాత స్థితికి తేవచ్చు.

ఆమోదం లేని మెషిన్‌లో కూడా విండోస్ 11 వేసిస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?

వేయడం సాధ్యమే. తనిఖీని తప్పించే పద్ధతులున్నాయి. అయితే అలాంటి మెషిన్లకి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచైతే కోర్ 2 డ్యూయో లాంటి పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11 అసలు బూటే కాదు. మనం మారుతున్నదే అప్‌డేట్ల కోసం కదా. వాటికి హామీ లేని చోటికి డబ్బిచ్చి వెళ్లడం నాకు సబబుగా అనిపించదు. బ్యాంకు పనులు చేసే ఇంటి కంప్యూటర్‌కి నేనైతే వద్దంటాను.

విండోస్ 11కి డబ్బు కట్టాలా? రెండు మూడొందలకే కీ ఇస్తామంటున్నారు.

ఇప్పుడున్న విండోస్ 10 అసలుదై, యాక్టివేట్ అయి ఉండి, మెషిన్ విండోస్ 11కి పాసైతే అప్‌గ్రేడ్ ఉచితం. కీ అడగదు. లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. అందువల్ల డిస్క్ మార్చి మళ్లీ అదే ఎడిషన్ వేసినా, నెట్‌కి కలిపాక దానంతటదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 7, 8 కీలతో మాత్రం ఇప్పుడు విండోస్ 10, 11 యాక్టివేట్ కావు. వందల్లో అమ్మే కీలు ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు, మధ్యలో చెల్లకుండా పోవచ్చు. క్రాక్ చేసిన విండోస్ అంతకంటే చెడ్డది. యాంటీవైరస్ ఆఫ్ చేసి వాళ్లిచ్చిన ఫైల్ నడిపించడమంటే ఇంటి తాళం పరాయివాళ్ల చేతికివ్వడమే.

## ముందుగా భద్రం చేసుకోవలసినవి

ఏమేం కాపీ చేసుకోవాలి? ఏది మర్చిపోతామో అని భయంగా ఉంది.

సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరవండి. అందులో మీ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ అన్నీ దాని లోపలే ఉంటాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి విడివిడి లాగిన్‌లు ఉంటే అందరి ఫోల్డర్లూ తీసుకోండి. తర్వాత సి డ్రైవ్‌లో నేరుగా పెట్టిన ఫోల్డర్లేమైనా ఉన్నాయేమో చూడండి. ట్యాలీ లెక్కల డేటా చాలామందికి అక్కడే ఉంటుంది.

కంటికి కనిపించనివి ఇంకొన్ని ఉన్నాయి. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు. క్రోమ్‌లో మీ జీమెయిల్‌తో సింక్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. వైఫై పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టుకోండి. ప్రింటర్ మోడల్ నంబర్ కూడా రాసుకోండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్కసారి అడగండి, "ఇందులో నీది ఏముంది?" అని. మా ఇంట్లో అలా అడిగితేనే, అమ్మ ఫోన్ నిండిపోయినప్పుడు తమ్ముడు వాట్సాప్ ఫొటోలన్నీ వేరే ఫోల్డర్‌లో దింపిన సంగతి తెలిసింది.

డెస్క్‌టాప్ మీద ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగేశాను. చాలదా?

ఆ బొమ్మల ఎడమవైపు కింది మూలన చిన్న వంపు బాణం ఉందేమో దయచేసి చూడండి. బాణం ఉంటే అది ఫోల్డర్ కాదు, ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే షార్ట్‌కట్. దాన్ని కాపీ చేస్తే పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లేది ఒకటి రెండు కేబీల చీటీ మాత్రమే.

ఇది నేను చేసిన తప్పే. మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్లి ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఆ పేరుతోనే కనిపిస్తుంటే పెన్‌డ్రైవ్‌లోకి లాగాను. ఒక్క సెకనులో అయిపోయింది. రెండు వేల ఫొటోలు సెకనులో ఎలా వెళ్తాయని అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టి, విండోస్ వేసి, పెన్‌డ్రైవ్ తెరిచేసరికి "ఫైల్ దొరకలేదు" అని వచ్చింది. చిన్నాన్న ఏమీ అనలేదు. నా పక్కన కుర్చీలో కూర్చుని స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ పెళ్లి తర్వాత ఏడాదికే నానమ్మ పోయారు. ఆవిడ చివరి ఫొటోలు అందులోనే ఉన్నాయి.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది. అసలు ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు, ఫైళ్ల సంఖ్య రాసుకుంటాను. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌కీ అలాగే చూస్తాను. రెండూ సరిపోవాలి. తర్వాత ఆ పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి మొదట్లో, మధ్యలో, చివర్లో నాలుగేసి ఫొటోలు తెరిచి చూస్తాను. ఇంత చేశాకే ఫార్మాట్.

డి డ్రైవ్‌లో ఉన్నవి ఫార్మాట్‌లో పోవంటారు కదా?

సి మాత్రమే ఫార్మాట్ చేస్తే పోవు. కానీ డి అనేది చాలా ఇళ్లలో వేరే డిస్క్ కాదు, అదే హార్డ్‌డిస్క్‌లో గీసిన ఇంకో గది. ఇన్‌స్టాల్ చేసేవాళ్లు పార్టిషన్లన్నీ తీసేసి కొత్తగా చేస్తే రెండూ పోతాయి. పాత పద్ధతి బూట్ నుంచి యూఈఎఫ్ఐకి మార్చేటప్పుడు చాలామంది అలాగే చేస్తారు. డి డ్రైవ్‌ని కూడా బయటికి కాపీ చేశాకే మెషిన్ ఎవరి చేతికైనా ఇవ్వండి. "డి ముట్టుకోవద్దు" అని నోటితో చెప్పిన మాట సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

పెన్‌డ్రైవ్‌లో పెట్టాలా, బయటి హార్డ్‌డిస్క్ కొనాలా, గూగుల్‌లో పెట్టాలా?

రెండు చోట్ల పెట్టండి. ఒకటి బయటి హార్డ్‌డిస్క్, రెండోది ఇంటికి దూరంగా ఉండేది. పెన్‌డ్రైవ్ తాత్కాలికంగా సరే, ఏళ్ల తరబడి దాచడానికి నేను నమ్మను. గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్ కూడా ఉంటుంది. అందుకే మొత్తం కాకుండా ముఖ్యమైన కాగితాలు, ఏరిన ఫొటోలు అక్కడ పెట్టుకోండి. ఇంటికి దూరంగా ఒక కాపీ అని ఎందుకంటున్నానంటే, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పెదనాన్నగారింట్లో నీళ్లు చేరి టేబుల్ కింద సీపీయూ, దాని పక్కనే బ్యాకప్ డిస్క్ రెండూ తడిసిపోయాయి. విశాఖలో ఉన్న అక్క దగ్గర ఒక డిస్క్ ఉంచితే చాలు.

ఫార్మాట్ కొట్టేశాక ఫొటోలు లేవని తెలిసింది. ఏదైనా దారి ఉందా?

ఉంది, కానీ వెంటనే కంప్యూటర్ ఆపేయండి. వాడే కొద్దీ పాత ఫొటోలు ఉన్న చోట కొత్త డేటా రాసుకుంటూ పోతుంది. డిస్క్ బయటికి తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. దొరికినవాటిని అదే డిస్క్‌లో కాకుండా వేరేదాంట్లో దింపాలి. ఫైళ్ల పేర్లు రావు, వరస ఉండదు, కొన్ని సగం బూడిద రంగుతో వస్తాయి. మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్లి ఫొటోల్లో సగానికి పైగా అలాగే దొరికాయి. ఇదంతా పాత హార్డ్‌డిస్క్ సంగతి. ఎస్ఎస్‌డీలో చెరిగినవి దొరికే అవకాశం చాలా తక్కువ.

## లోపలి సామాను

ర్యామ్ పెంచాలా, ఎస్ఎస్‌డీ వేయాలా? ఒక్కదానికే డబ్బుంది.

4 జీబీ ర్యామ్ ఉంటే ఎస్ఎస్‌డీయే వేయండి. 2 జీబీయే ఉంటే ముందు ర్యామ్. పాత హార్డ్‌డిస్క్ సెకనుకి సుమారు 100 ఎంబీ చదివితే సాటా ఎస్ఎస్‌డీ 500 దాకా చదువుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వెతకడంలో తేడా ఇంకా ఎక్కువ. స్విచ్ నొక్కి టీ పెట్టుకుని వచ్చేంత సేపు పట్టే మెషిన్, స్టవ్ వెలిగించేలోపు తెరుచుకుంటుంది. ఇంటి వాడకానికి 240 లేదా 256 జీబీది చాలు. ఫొటోలు పాత హార్డ్‌డిస్క్‌లోనే ఉంచుకోవచ్చు.

ఏ ర్యామ్ కొనాలో తెలియడం లేదు. శ్రీకాకుళం వెళ్లి తేవాలి, రెండోసారి వెళ్లలేను.

పాత ర్యామ్ ముక్కని ఊడదీసి వెంట తీసుకెళ్లండి. లేదంటే దాని స్టిక్కర్‌ని స్పష్టంగా ఫొటో తీసుకోండి. స్టిక్కర్ మీద పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అని ఉంటే డీడీఆర్4. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు, గాడి చోటు వేరు. ల్యాప్‌టాప్ ముక్క పొట్టిగా, డెస్క్‌టాప్ ముక్క పొడుగ్గా ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో పీసీ3 తర్వాత ఎల్ అక్షరం ఉంటే అది తక్కువ వోల్టేజ్ రకం, అదే అడగండి. మదర్‌బోర్డులో ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని ఖాళీయో కూడా చూసుకుని వెళ్లండి. మీరు వాడుతున్నది 32 బిట్ విండోస్ అయితే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడుకోలేదు. 64 బిట్ వేసుకోవాలి. దానికి ఫార్మాట్ తప్పదు.

కేబినెట్ నేనే విప్పొచ్చా? ఏదైనా పాడుచేస్తానేమో అని భయం.

విప్పొచ్చు. ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. వెనక రెండు స్క్రూలు తీసి పక్క పలకని వెనక్కి జరిపితే వచ్చేస్తుంది. చేత్తో కేబినెట్ ఇనుప చట్రాన్ని ఒకసారి తాకి తర్వాతే లోపల ముట్టుకోండి. పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి.

మా వైపు వానాకాలం తర్వాత విప్పితే ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము తడికి దూదిలా పట్టేసి ఉంటుంది, ఒక్కోసారి చీమలు కూడా కాపురం పెడతాయి. మెత్తని పెయింట్ బ్రష్‌తో దులపండి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. ర్యామ్ తీయాలంటే రెండు చివర్ల తెల్ల క్లిప్పులు బయటికి నొక్కితే ముక్క పైకి లేస్తుంది. కింద బంగారు రంగు పళ్లని పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దండి. కొన్నేళ్ల నలుపు పోయి మెరుస్తాయి. తిరిగి పెట్టేటప్పుడు గాడి చూసుకుని రెండు బొటనవేళ్లతో నొక్కితే క్లిప్పులు టక్కుమని వాటంతటవే మూసుకుంటాయి. ఆన్ చేస్తే బీప్‌లు కొట్టి స్క్రీన్ రాని మెషిన్లు ఈ ఒక్క పనితో లేచి కూర్చోవడం చాలాసార్లు చూశాను.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో చూపిస్తోంది. సైట్లన్నీ సురక్షితం కాదంటున్నాయి.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ అయిపోయింది. దాని నంబర్ సీఆర్2032. వాచీలు బాగుచేసే చోట కూడా దొరుకుతుంది. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటుంది, విండోస్ అప్‌డేట్లూ ఆగిపోతాయి. బ్యాటరీ మార్చాక బయాస్‌లో తేదీ సరిచేసుకోండి.

## వేసే రోజు

అంత పెద్ద ఫైల్ మా నెట్‌తో దిగుతుందా? రోజుకి ఒకటిన్నర జీబీయే వస్తుంది.

విండోస్ 11 ఫైల్ 5 జీబీ దాటుతుంది, ఆ ప్యాక్‌తో ఒక రోజులో అవ్వదు. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న బంధువుల ఇంట్లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేయించుకుని తెచ్చుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌లో పాతవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడండి. ఫైల్‌ని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దింపండి. ఎవరో ఎక్కడో పెట్టిన లింక్ నుంచి వద్దు.

మధ్యలో కరెంటు పోతే కంప్యూటర్ పోతుందా?

మెషిన్ పోదు. విండోస్ అప్‌గ్రేడ్ మధ్యలో ఆగితే చాలాసార్లు పాత విండోస్‌కే తిరిగి వెళ్తుంది. ఒక్కోసారి ఎటూ కాకుండా ఆగి, పెన్‌డ్రైవ్‌తో మొదటి నుంచి వేయాల్సి వస్తుంది. బయాస్ అప్‌డేట్ మాత్రం వేరు. అందులో కరెంటు పోతే బోర్డే పాడవ్వచ్చు, యూపీఎస్ లేకుండా అది చేయకండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండాకే మొదలుపెట్టండి. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే, పక్కింటివాళ్లది ఒక పూటకి అడిగి తెచ్చుకోండి. మబ్బు పట్టిన సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు.

ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయాలా, మొత్తం ఫార్మాట్ కొట్టాలా?

మెషిన్ వేగంగానే ఉండి, ప్రోగ్రాములన్నీ కావాలనుకుంటే అప్‌గ్రేడ్ చాలు. ఫైళ్లు, ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. ఏళ్ల తరబడి చెత్త పేరుకుని, వైరస్ అనుమానం ఉండి, ఎలాగూ కొత్త ఎస్ఎస్‌డీ వేస్తుంటే శుభ్రంగా మొదటి నుంచి వేయండి. కొత్త ఎస్ఎస్‌డీ మీద వేసేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేసి ఉంచండి. పొరపాటున దాన్ని చెరిపే అవకాశమే ఉండదు.

మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా ముందుకి కదలడం లేదు. ఏం చేయాలి?

విండోస్ 11 హోమ్ ఎడిషన్ మొదటిసారి సెటప్‌లో నెట్‌నీ ఖాతానీ అడుగుతుంది. ఇంటి పెద్దవాళ్ల పేరు మీద, వాళ్ల ఫోన్ నంబర్‌తో ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ డైరీలో రాయండి. వేసినవాళ్ల ఖాతాతో లాగిన్ చేయనివ్వకండి. ఈ మధ్య వెర్షన్లు కొత్తగా వేసినప్పుడు డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేస్తాయి, అంటే తాళం వేస్తాయి; తెరిచే రికవరీ కీ ఆ ఖాతాలోనే ఉంటుంది. ఖాతా పరాయివాళ్లదైతే రేపు మీ ఫొటోలకి మీ దగ్గర తాళం ఉండదు.

నచ్చకపోతే మళ్లీ విండోస్ 10కి వెళ్లొచ్చా?

అప్‌గ్రేడ్ చేసినవాళ్లకి 10 రోజులు అవకాశం ఉంది. సెట్టింగ్స్‌లో రికవరీ, గో బ్యాక్. సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది, ఆ పది రోజులూ దాన్ని చెరపకండి. ఫార్మాట్ కొట్టినవాళ్లకి ఈ దారి లేదు.

## లినక్స్ మింట్ వేసుకునేవాళ్లకి

లినక్స్ అంటే ఇంజినీర్లకి కదా. మా నాన్నగారు వాడగలరా?

వాడగలరు. రిటైరైన టీచర్ల ఇళ్లలో రెండు మెషిన్లకి వేశాను. కింద ఎడమవైపు మెనూ, డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లు, ఫైర్‌ఫాక్స్, అంతా అలవాటైన చోటే ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, కీ లేదు. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే సుఖం. మింట్ 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మెషిన్ బాగా పాతదైతే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి, తేలిగ్గా ఉంటుంది. మొదటి వారం మాత్రం మీరో మీ తమ్ముడో పక్కన ఉండండి. పెద్దవాళ్లకి కష్టం ప్రోగ్రామ్ వల్ల కాదు, అడగడానికి ఎవరూ లేకపోవడం వల్ల.

వేయకుండా ముందు చూడొచ్చా?

చూడొచ్చు. మింట్ ఫైల్ సుమారు 3 జీబీ. దాన్ని ఎచర్ లేదా రూఫస్ ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతోనే కంప్యూటర్ ఆన్ చేయండి. డిస్క్‌ని ముట్టుకోకుండా పూర్తి డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. అక్కడే వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో చూసుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, అది చూసి వద్దనుకోకండి.

ట్యాలీ, వర్డ్, అను ఫాంట్లు అందులో వస్తాయా?

ట్యాలీ, అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ మనవాళ్లు వాడేవి విండోస్‌లో నడిచేవి. వాటి మీద బతుకుతెరువు ఉంటే మింట్‌కి మారకండి. వర్డ్ ఫైళ్లు మాత్రం లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకుంటాయి. పట్టికలు, పేజీ అంచులు అక్కడక్కడ జరుగుతాయి, దరఖాస్తు పంపే ముందు పీడీఎఫ్ చేసి చూసుకోండి.

## వేశాక వచ్చే సందేహాలు

ప్రింటర్ పనిచేయడం మానేసింది.

64 బిట్ విండోస్‌కి 64 బిట్ డ్రైవరే (ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) కావాలి, పాత సీడీలో ఉన్నది 32 బిట్‌దైతే పనికిరాదు. ప్రింటర్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్‌కి డ్రైవర్ దింపుకుని, వేశాకే కేబుల్ తగిలించండి. విండోస్ 11కి విడిగా లేకపోతే విండోస్ 10 64 బిట్‌ది చాలాసార్లు పనిచేస్తుంది.

గడియారం తప్పు చూపిస్తోంది, నిమిషాలు కూడా కలవడం లేదు.

టైమ్ జోన్ అమెరికాది ఉండిపోయింది. సెట్టింగ్స్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న వరస ఎంచుకోండి.

తెలుగు, ఒడియా రెండూ టైప్ చేయాలి. ఎలా?

గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకి పాఠాలు చెప్పిన ఊరు మనది. ఇక్కడి పిల్లలు బడిలో ఒడియా రాస్తారు, ఇంట్లో అమ్మమ్మకి తెలుగులోనే మెసేజ్ పెడతారు. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండాలి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ తెరిచి తెలుగు, ఒడియా రెండూ చేర్చండి. ఒక్కొక్క భాష ఆప్షన్స్‌లో ఫొనెటిక్ కీబోర్డ్ జోడించండి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే మన అక్షరాలు పడతాయి. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే ఒక భాష నుంచి ఇంకో భాషకి మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరిక నేర్చుకునే ఓపిక ఉన్న పిల్లలకి అదే నేర్పండి. అందులో అన్ని భారతీయ భాషలకీ అక్షరాల చోటు దాదాపు ఒకటే. తెలుగులో క కొట్టే మీటతోనే ఒడియాలోనూ క పడుతుంది.

మింట్‌లో అయితే ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ వేసుకుని, ఎం17ఎన్ అనే కీబోర్డుల ప్యాకేజీ జోడిస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ రెండూ వస్తాయి.

పాత తెలుగు ఫైళ్లు తెరిస్తే అర్థం కాని ఇంగ్లిష్ గుర్తులు వస్తున్నాయి. ఫైల్ పాడైందా?

పాడవలేదు. అవి అను లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసినవి. వాటిలో తెలుగు అక్షరం నిజానికి ఇంగ్లిష్ అక్షరం చోట కూర్చుని ఉంటుంది. ఆ ఫాంట్ మళ్లీ వేస్తే తెలుగు కనిపిస్తుంది. పెళ్లి కార్డుల నమూనాలు, సంఘం కరపత్రాలు ఇలా ఉన్నవాళ్లు ఫైళ్లతో పాటు ఫాంట్లనీ కాపీ చేసి ఉంచుకోండి. ముఖ్యమైనవాటిని అను నుంచి యూనికోడ్‌కి (ప్రత్యేక ఫాంట్ లేకుండా ఏ కంప్యూటర్‌లోనైనా కనిపించే పద్ధతికి) మార్చే కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు సరిగ్గా వచ్చాయో చదివి చూసుకోండి.

తీసేసిన పాత హార్డ్‌డిస్క్ ఏం చేయాలి?

కనీసం మూడు నెలలు అలాగే ఉంచండి. మర్చిపోయిన ఫైల్ ఏదో ఒకటి అప్పుడే గుర్తొస్తుంది. తర్వాత యూఎస్‌బీ కేసు కొని అందులో పెడితే అదే బ్యాకప్ డిస్క్ అవుతుంది. దాని వయసు ఎనిమిది, పదేళ్లు దాటితే దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పాతసామాన్ల వాళ్లకి ఇచ్చేయాలనుకుంటే ముందు ఫుల్ ఫార్మాట్ చేయండి, క్విక్ ఫార్మాట్ చాలదు. మా చిన్నాన్నగారి డిస్క్ ఇంకా నా బీరువాలోనే ఉంది, గుడ్డలో చుట్టి, మీద తేదీ రాసి.